పోలీస్ సెట్ మాటలు యూట్యూబ్‌లోకి: కర్నూలులో వాదించిన ఒక కేసు

పోలీసులు వైర్‌లెస్ సెట్‌లో మాట్లాడుకునే మాటల్ని విని యూట్యూబ్‌లో లైవ్ పెట్టిన ఒక అబ్బాయి కేసు ఇది. అతని లాయర్‌ని నేను. కేసు ఇంకా కోర్టులోనే ఉంది. కక్షిదారు ఒప్పుకున్నంత మేరకే రాస్తున్నాను. మనిషి పేరు, పేట, స్టేషన్, తేదీలు ఇందులో ఉండవు. ఏ ఫ్రీక్వెన్సీలో ఏం వినిపిస్తుందో అసలే రాయను. ఈ ఎఫ్ఐఆర్ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి నంద్యాల, ఆదోని వైపు కుర్రాళ్లు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "వినడం తప్పా సార్, షేర్ చేయడం తప్పా?" ఒక్క ముక్కలో జవాబు చెబితే సగం అబద్ధం చెప్పినట్టే అవుతుంది. అందుకే మొత్తం రాస్తున్నాను.

జరిగింది

అబ్బాయికి ఇరవై దాటాయి. పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివి, సెల్ రిపేరు షాపులో పని చేస్తున్నాడు. రేడియో అంటే ప్రాణం. ఆన్‌లైన్‌లో ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ తెప్పించుకున్నాడు. ఇది మొదట కంప్యూటర్‌లో టీవీ చూడటానికి తయారైన యూఎస్‌బీ ముక్క. లోపలున్న చిప్‌ను మామూలు రేడియో రిసీవర్‌గా వాడుకోవచ్చని 2012 ప్రాంతంలో తెలిసింది. అప్పటి నుంచి ప్రపంచమంతా హాబీవాళ్లు దీన్ని వాడుతున్నారు. సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1,700 మెగాహెర్ట్జ్ దాకా ఏ సిగ్నల్ అయినా పట్టుకుంటుంది. పట్టుకోవడం వరకే దాని పని. దాంతో ఒక్క మాట కూడా బయటికి పంపడం కుదరదు. కేసులో ఈ విషయం చాలా దూరం వచ్చింది.

మిద్దె మీద యాంటెన్నా కట్టి, మొదట్లో వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు దించుకునేవాడు, పైన పోయే విమానాల వివరాలు చూసుకునేవాడు. తర్వాత ఒక రోజు పోలీసుల వీహెచ్‌ఎఫ్ సెట్ మాటలు దొరికాయి. పాత తరహా అనలాగ్ ఎఫ్‌ఎం, ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లకు అర్థం కాకుండా మాటల్ని మార్చి పంపడం) ఏమీ లేదు. పగలగొట్టాల్సిన తాళమే లేదు.

వినాయక నిమజ్జనం రోజు ఆ మాటల్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టాడు. ఊరేగింపులు ఎక్కడిదాకా వచ్చాయి, వినాయక ఘాట్ దగ్గర ఎంత రద్దీ ఉంది, రాజ్‌విహార్ వైపు ట్రాఫిక్ ఎటు మళ్లిస్తున్నారు, అన్నీ సెట్‌లో వినిపించేవే. జనానికి ఉపయోగపడింది. "బాగుంది బ్రో, రోజూ పెట్టు" అన్నారు. రోజూ పెట్టాడు. టెలిగ్రామ్‌లో గ్రూపు కూడా తెరిచి, లైవ్ చూడలేనివాళ్ల కోసం ముఖ్యమైన ముక్కలు కత్తిరించి వేసేవాడు. 44వ నంబర్ జాతీయ రహదారిపై ప్రమాదం జరిగితే అంబులెన్స్ చేరేలోపే గ్రూపులో వార్త ఉండేది. పైసా సంపాదించలేదు. అది నేను అతని ఖాతాలు చూసి చెబుతున్న మాట.

వినేవాళ్లు మారడం అతను గమనించలేదు. ఇసుక ట్రాక్టర్లవాళ్లు చేరారు. పేకాట ఆడించేవాళ్లు చేరారు. ఒక రాత్రి పోలీసులు ఒక స్థావరం మీదికి వెళ్తే అక్కడ చాప, దాని మీద పరిచిన ముక్కలు, సగం తాగిన టీ గ్లాసులు ఉన్నాయి, మనుషులు లేరు. ఆ తర్వాత పట్టుబడ్డ ఒకడి ఫోన్‌లో టెలిగ్రామ్ గ్రూపు తెరిచే ఉంది. తెల్లారేసరికి మా అబ్బాయి ఇంటి ముందు జీపు ఆగింది.

వాళ్లమ్మ ఆఫీసుకు వచ్చి అన్న మాట ఇది: "మా పిల్లోడు ఎవురి జోలికీ పోడు సార్. మిద్దె మీద కంబీ కట్టుకున్న్యాడు, అంతే. దానికి జైల్లో ఏస్తారా?"

ఎఫ్ఐఆర్‌లో ఏం రాశారు

పోలీసులు నాలుగు సెక్షన్లు వేశారు. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లో 42(2). టెలిగ్రాఫ్ చట్టం 1885లో 25. ఐటీ చట్టంలో 66. భారతీయ న్యాయ సంహితలో 221, అంటే ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డుపడటం. వీటికి తోడు, అధికార రహస్యాల చట్టం కూడా పెడతామని ఆ రోజు స్టేషన్‌లో గట్టిగానే అన్నారు. ఆ ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకున్నది ఆ చివరి మాటకే.

దాని సంగతి ముందు తేల్చేస్తాను. అధికార రహస్యాల చట్టం 1923 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే 13వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆదేశంతోనో, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి నుంచో ఫిర్యాదు రావాలి. స్టేషన్ స్థాయిలో అనుకుంటే అయిపోయేది కాదు. ఆ సెక్షన్ ఎఫ్ఐఆర్‌లోకి రానే లేదు.

టెలిగ్రాఫ్ చట్టం 25 కూడా ఇక్కడ కుదరదు. సందేశం తెలుసుకోవాలనే ఉద్దేశంతో టెలిగ్రాఫ్ యంత్రాన్నో, తీగనో, స్తంభాన్నో పాడుచేయడం, కదిలించడం, తాకడం ఆ సెక్షన్ చెప్పే నేరం. ఈ అబ్బాయి పోలీసుల పరికరం దేన్నీ ముట్టుకోలేదు. ఐటీ చట్టం 66కి 43లో చెప్పిన పనుల్లో ఒకటి జరిగి ఉండాలి: యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకో, నెట్‌వర్క్‌లోకో చొరబడటం లాంటిది. గాల్లోని ఎఫ్‌ఎం సిగ్నల్ వినడం కంప్యూటర్‌లోకి చొరబడటం ఎలా అవుతుందో ఎఫ్ఐఆర్‌లో ఒక్క వాక్యం కూడా లేదు.

అసలు బరువంతా టెలికమ్యూనికేషన్స్ చట్టం మీదే ఉంది. 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. చట్టవిరుద్ధంగా సందేశాన్ని ఇంటర్సెప్ట్ చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, లేదా 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది 42(2)(బి). నాన్ బెయిలబుల్. సెల్ షాపులో పని చేసే పిల్లవాడి ఇంట్లో 2 కోట్లు అనే అంకె చదివి వినిపించడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు.

మొదటి వారం

అతను నా దగ్గరికి వచ్చేసరికే స్నేహితులు ఒక సలహా ఇచ్చేశారు: "ఛానెల్ లేపెయ్, గ్రూపు డిలీట్ కొట్టు." అదృష్టం బాగుండి ఇంకా కొట్టలేదు. కోర్టు ముందుకు రాబోయే ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేస్తే న్యాయ సంహిత 241 కింద అదే వేరే నేరం. ఉన్న కేసు కన్నా కొత్త కేసు నిరూపించడం పోలీసులకు తేలిక కూడా. అలాగని ఆ వీడియోలను జనం చూస్తూ ఉండేలా వదిలేయడమూ కుదరదు. అన్నిటినీ ప్రైవేట్‌కు మార్పించి, గ్రూపులో కొత్త సందేశాలు ఆపించి, ఏం చేశామో, ఏదీ చెరపలేదని, దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నాం. తర్వాత బెయిలు పిటిషన్‌లో నాకు బాగా పనికొచ్చిన కాగితం అదే.

సోదా సంగతి. ల్యాప్‌టాప్, ఫోన్, డాంగిల్, యాంటెన్నా, కోయాక్స్ కేబుల్ పట్టుకుపోయారు. వీఆర్వోలను పిలిచి మధ్యవర్తుల రిపోర్టు రాశారు. అందులో డాంగిల్‌ను "వైర్‌లెస్ ప్రసార పరికరం" అన్నారు. ఆ ఒక్క మాటను నేను అక్కడితో వదిలిపెట్టలేదు. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలో లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఉంచుకుంటే 3 ఏళ్ల దాకా జైలు ఉంది. ప్రసారం చేయలేని ఉత్త రిసీవర్ ఉంచుకుంటే మొదటి నేరానికి శిక్ష 100 రూపాయల దాకా జరిమానా మాత్రమే. రెండోసారి అయితే 250. ఆ చట్టం నాటికి ఇంట్లో పాటల రేడియో ఉన్నా లైసెన్సు కావాలి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టిన తరం మన ఇళ్లల్లో ఇంకా ఉంది. ట్రాన్స్‌మిటర్ అని రాస్తే ఒక దారి, రిసీవర్ అని రాస్తే ఇంకో దారి. కాబట్టి పరికరం ఏమిటో నిపుణుడితో పరీక్ష చేయించాలని మెమో వేశాం. ఆ పరీక్షలో అది రిసీవరేనని తేలింది.

నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో వీడియో తీయాలి. ఇక్కడ వీడియో ఉంది కానీ మిద్దె మీది భాగం లేదు. సాక్ష్య అధినియమ్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ, అంటే రికార్డు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది, ఉండాలి. పట్టుకున్న రోజు ల్యాప్‌టాప్‌కు హ్యాష్ తీయలేదు. ఇవి విచారణలో వాడుకోవాల్సిన పాయింట్లు. బెయిలు దశలో వీటిని ఊరికే ప్రస్తావించి ఊరుకున్నాను.

టెలికమ్యూనికేషన్స్ చట్టం 43 ప్రకారం సోదా అధికారం కేంద్ర ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారికి ఉంటుంది, ఎస్ఐకి అలాంటి ఉత్తర్వు ఏదీ చూపలేదు అని కూడా వాదించాం. కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరంలో సోదాకు పోలీసులకు మామూలుగా ఉండే అధికారం ఎక్కడికీ పోలేదని పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి జవాబు. ఆ జవాబులో బలం ఉంది. ఈ ప్రశ్న ఈ కేసులో ఇంకా తేలలేదు.

"గాల్లో వచ్చేది విన్నా, అంతే కదా"

మొదటి రోజు అతను నన్ను అడిగింది ఇది: "గాల్లో వచ్చేది విన్నా సార్, అంతే కదా. పక్కింటోళ్లు పాట గట్టిగా పెడితే మన ఇంట్లో వినపడదా? అది దొంగతనమా?"

మనసుకు సబబుగానే తోస్తుంది. దీనికి తోడు ఎవరో అతనికి 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పారు: క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అన్నారు కదా అని. అన్నారు, నిజమే. అయితే అదే తీర్పు ఆ తరంగాల వాడకాన్ని ప్రజల మేలు కోసం ఒక పబ్లిక్ అథారిటీ నియంత్రించాలని కూడా చెప్పింది. ప్రజల ఆస్తి అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకోవచ్చని అర్థం కాదు.

"ఇంటర్సెప్ట్" అనే మాటకు 2023 చట్టం నిర్వచనాల సెక్షన్‌లో అర్థం ఇవ్వలేదు. మా వాదన అక్కడ నిలబెట్టాం. ఇద్దరి మధ్య పోతున్న సందేశాన్ని దారి మళ్లించడమో, అడ్డగించి పట్టుకోవడమో ఉండాలి, ఎన్‌క్రిప్షన్ లేకుండా నాలుగు దిక్కులా వెదజల్లిన సిగ్నల్‌ను ఉన్నచోట కూర్చుని వినడం ఆ మాటలో ఇమడదు, శిక్ష వేసే చట్టంలో మాటలను సాగదీయకూడదు అన్నాం.

అవతలి పక్షం దగ్గర ఉన్నదీ తక్కువేమీ కాదు. అదే చట్టం "టెలికమ్యూనికేషన్" అంటే సందేశాన్ని పంపడమే కాదు, అందుకోవడం కూడా అంటుంది. ఐటీ చట్టం కింద 2009లో చేసిన ఇంటర్సెప్షన్ రూల్స్‌లో ఈ మాటకు నిర్వచనం ఉంది: పంపినవాడూ, అందుకోవాల్సినవాడూ కాని మూడో మనిషికి విషయం తెలిసేలా ఏ సాధనంతోనైనా సేకరించడం. ఆ కొలత పెడితే మిద్దె మీది డాంగిల్ అందులో పడుతుంది. పైగా అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో రెగ్యులేషన్స్‌లో 17వ ఆర్టికల్ ఉంది. ప్రజలందరి కోసం కాని రేడియో సందేశాలను అనుమతి లేకుండా పట్టుకోవడాన్నీ, వాటిలోని విషయం బయటపెట్టడాన్నీ, ప్రచురించడాన్నీ సభ్య దేశాలు నిరోధించాలి. భారత్ 1869 నుంచి ఆ యూనియన్‌లో ఉంది.

ఆ ఆర్టికల్ రెండు పనులను విడివిడిగా చెప్పడం చూడండి. పట్టుకోవడం ఒకటి, పదిమందికీ పంచడం ఇంకొకటి. నా కక్షిదారు మొదటి పనితో ఆగిపోయి ఉంటే, నిజాయితీగా చెబుతున్నాను, జీపు ఆ ఇంటి ముందు ఆగి ఉండేది కాదు. కోర్టులో నేను వాదించగలిగింది కూడా ఎక్కువగా మొదటి పని గురించే. రెండో పనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదనుకుంటాను.

ఆ ఒక్క క్లిప్

కేసు కాగితాల కోసం టెలిగ్రామ్‌లో వేసిన ముక్కలన్నీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. చాలావరకు విసుగు పుట్టించేవే. "కంట్రోల్, కంట్రోల్" అని పిలుపు, గరగర, "చెప్పండి", "స్పాట్‌లో ఉన్నాం సార్". పొద్దున ఎస్పీ గారి సెట్ కాన్ఫరెన్స్‌లో ఏ స్టేషన్‌లో ఏం జరిగిందో వరసగా చెప్పడం.

ఒకటి వేరేగా ఉంది. ఒక మైనర్ అమ్మాయి కనిపించడం లేదని 112కు కాల్ వచ్చింది. కంట్రోల్ రూమ్ నుంచి గస్తీ వాహనానికి వివరాలు చెబుతున్నారు. అమ్మాయి పేరు, వయసు, తండ్రి పేరు, వీధి, చదివే స్కూలు, చివరిసారి ఎవరితో కనిపించిందో. అవతలి కానిస్టేబుల్‌కు సరిగా వినపడక తండ్రి పేరు మళ్లీ అడిగాడు. ఆపరేటర్ ఒక్కో అక్షరం ఆగి ఆగి, స్పష్టంగా చెప్పింది. ఆ అమ్మాయిని త్వరగా వెతికి పట్టుకోవాలంటే ఆమె అలాగే చెప్పాలి. తప్పేమీ లేదు. ఆ మాటలు వెళ్లాల్సింది ఒక్క వాహనానికి. వెళ్లింది మాత్రం వేలమంది ఉన్న గ్రూపుకు. క్లిప్ కింద కామెంట్లలో ఆమెతో కనిపించిన అబ్బాయి ఎవరు, ఏ కులం, ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా అని చర్చ. మన సీమలో ఇలాంటి మాటలు ఎంత దూరం పోతాయో, ఏం చేయిస్తాయో నేను ప్రత్యేకించి చెప్పనక్కర్లేదు. అమ్మాయి ఆ సాయంత్రానికే క్షేమంగా ఇల్లు చేరింది. క్లిప్ మాత్రం గ్రూపులో అలాగే ఉండిపోయింది.

బాలల న్యాయ చట్టం 2015లో 74వ సెక్షన్ ఉంది. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, స్కూలు, గుర్తుపట్టే వివరం ఏదీ ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. తప్పిపోయిన పిల్లలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లైంగిక నేరం సంగతైతే పోక్సో 23, న్యాయ సంహిత 72 కూడా తోడవుతాయి. 72లో శిక్ష 2 ఏళ్ల దాకా ఉంటుంది. లైవ్ పెట్టినవాడికి తర్వాతి నిమిషంలో సెట్‌లో ఎవరి పేరు వస్తుందో తెలియదు. ఎడిట్ చేసే అవకాశమే ఉండదు. ఒక్కసారి బాధితురాలి పేరు దొర్లితే చాలు, ఉద్దేశం ఎంత మంచిదైనా ఈ సెక్షన్లు వచ్చి పడతాయి.

ఆ క్లిప్ అతనికి మళ్లీ వినిపించాను. "ఇది మీ చెల్లెలి సంగతైతే?" అని అడగలేదు, అడగాల్సిన పని లేకపోయింది. "నేను పూర్తిగా వినకుండానే వేసేసినా సార్, అన్నీ అట్లే వేస్తాంటి" అన్నాడు. అది నిజం. స్ట్రీమింగ్ అంటేనే అంత. ఎవరూ పూర్తిగా వినరు, అంతా బయటికి పోతుంది.

అమెరికా వీడియోలు

అతను ఇదంతా నేర్చుకున్నది అమెరికా వాళ్ల వీడియోల నుంచి. అక్కడ పోలీస్ స్కానర్ ఇంట్లో పెట్టుకుని వినడం పెద్ద హాబీ. ఆన్‌లైన్‌లో పంచే వెబ్‌సైట్లూ ఉన్నాయి. 1986 నాటి వాళ్ల చట్టంలో, జనానికి మామూలుగా అందుబాటులో ఉండే పోలీసు, ఫైర్ రేడియో సందేశాలు వినడానికి స్పష్టమైన మినహాయింపు ఉంది. మన చట్టంలో అలాంటి మినహాయింపు వాక్యం ఎక్కడా లేదు. తేడా అంతా అక్కడే ఉంది. బ్రిటన్‌లో చూస్తే 2006 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 48వ సెక్షన్ ప్రకారం, తనకు ఉద్దేశించని సందేశాన్ని అధికారం లేకుండా వినడమూ, దాన్ని బయటపెట్టడమూ రెండూ నేరమే. మన పాత చట్టాల మూలాలు లండన్‌వి, వాషింగ్టన్‌వి కావు.

అమెరికాలోనైనా అంతా సాఫీగా ఏమీ లేదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబు నిందితుల వేట జరుగుతున్న రాత్రి, స్కానర్‌లో విన్నామంటూ ఆ కేసుతో సంబంధమే లేని, అంతకుముందే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థి పేరును సోషల్ మీడియాలో తిప్పారు. తర్వాత ఆ అబ్బాయి శవమై దొరికాడు. ఆ కుటుంబం పడిన నరకానికి ఎవరూ జవాబుదారీ కాలేదు. బలగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో బయటపెట్టొద్దని పోలీసులు వేడుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ పోలీసులు 2023 నుంచి తమ రేడియోలను ఎన్‌క్రిప్షన్‌లోకి మారుస్తూ వస్తున్నారు.

మనకు ఇంతకన్నా పెద్ద పాఠం 2008 నవంబర్ 26న ముంబైలో ఉంది. టీవీ లైవ్ చూస్తూ అవతలి దేశంలోని సూత్రధారులు ఫోన్‌లో దాడి నడిపించారు. 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ లైవ్ కవరేజీని తీవ్రంగా తప్పుపట్టింది. ఉగ్రవాద వ్యతిరేక చర్యలు జరుగుతున్నప్పుడు లైవ్ ఇవ్వకూడదని 2015లో కేబుల్ టీవీ రూల్స్‌లో చేర్చారు. లైసెన్సు ఉన్న ఛానెల్‌కే ఆ హద్దు ఉన్నప్పుడు, మిద్దె మీది యాంటెన్నాకు అంతకన్నా ఎక్కువ స్వేచ్ఛ ఉంటుందని ఏ కోర్టు ముందూ నేను అనలేను. దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవానికి కర్రలతో వేలమంది చేరతారు. ఏ మలుపులో ఎంతమంది పోలీసులున్నారు, ఎక్కడ తక్కువున్నారు అన్నది ఆ రాత్రి లైవ్‌లో పోతే ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నే విచారణలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు వేశారు. సరైన ప్రశ్న.

పోలీసుల పక్కన కూడా ఒక మాట ఉంది

జనానికి సమాచారం కావాలి అన్న అతని తపనను నేను తక్కువ చేయను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు ఏ వీధిలో నీళ్లెంత ఉన్నాయో చెప్పే నాథుడు లేక మిద్దెల మీద కూర్చున్నవాళ్లకు ఆ ఆకలి తెలుసు. పోలీసులు ట్రాఫిక్ మళ్లింపులు, ప్రమాదాలు ఎప్పటికప్పుడు తామే సోషల్ మీడియాలో పెడుతుంటే దొంగ ఛానెల్‌కు గిరాకీ సగం పడిపోతుంది. ఎఫ్ఐఆర్‌లను, సున్నితమైనవి మినహాయించి, 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విలేఖరులకు నేను చూపించేది ఆ దారినే.

ఇంకొకటి. మైనర్ అమ్మాయి వివరాలు తాళం లేని అనలాగ్ సెట్‌లో పోతున్నంత కాలం, రెండు వేల రూపాయల డాంగిల్ ఉన్న ఎవడైనా, ఛానెల్ పెట్టకుండా, కేసులో దొరకకుండా, చీకట్లో కూర్చుని వింటూనే ఉంటాడు. మా అబ్బాయి బహిరంగంగా పెట్టాడు కాబట్టి దొరికాడు. సున్నితమైన వివరాలు సెట్‌లో కాకుండా ఫోన్‌లో చెప్పడం, డిజిటల్ ఎన్‌క్రిప్షన్‌కు మారడం పోలీసుల బాధ్యత. బెయిలు వాదనలో ఈ మాట గట్టిగానే అన్నాను. జడ్జి గారు నోట్ చేసుకున్నారు.

బెయిలు, ఆ తర్వాత

నాగరిక్ సురక్షా సంహిత 482 కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు వేశాం. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లే, 7 ఏళ్ల లోపు కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, విచారణకు రమ్మని 35(3) నోటీసు ఇస్తే సరిపోతుంది, పరికరాలన్నీ పోలీసుల దగ్గరే ఉన్నాయి, ఏదీ చెరపలేదని ముందే రాసిచ్చాం, కస్టడీలో కొత్తగా రాబట్టేది ఏముంది అన్నది మా వాదన. పాస్‌వర్డ్‌లన్నీ ఇవ్వాలని షరతు పెట్టమని ప్రాసిక్యూషన్ అడిగింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇచ్చేలా ఎవరినీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగం 20(3)ని ఎత్తి చూపి వ్యతిరేకించాం. "దర్యాప్తుకు సహకరించాలి" అన్న మామూలు మాటతోనే బెయిలు వచ్చింది. విచారణ ముగిసేదాకా ఏ రేడియో రిసీవరూ వాడకూడదన్న షరతు అదనం. అది మేము అభ్యంతరం చెప్పని షరతు.

ఛార్జిషీటులో ఐటీ చట్టం 66, టెలిగ్రాఫ్ 25 ఎగిరిపోయాయి. బాలల న్యాయ చట్టం 74 కొత్తగా చేరింది. ఆ క్లిప్ వాళ్లూ విన్నారు. న్యాయ సంహిత 221 విషయంలో, సురక్షా సంహిత 215 ప్రకారం అడ్డు తగిలిందని చెప్పే అధికారి నుంచి కోర్టుకు రాతపూర్వక ఫిర్యాదు ఉండాలి. లేదు కాబట్టి మేజిస్ట్రేట్ గారు దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. మిగిలినవి రెండు: 42(2)(బి), 74.

42(2)(బి) మీద సురక్షా సంహిత 528 కింద హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమన్న పిటిషన్, వేశాం. ఇంటర్సెప్ట్ అంటే ఏమిటి, ఎన్‌క్రిప్షన్ లేని సిగ్నల్‌కు అది వర్తిస్తుందా అన్న ప్రశ్న మీద పై కోర్టు ఒక మాట చెప్పడం ఈ అబ్బాయికే కాదు, దేశంలోని హాబీ రేడియో వాళ్లందరికీ అవసరం. వాదన కోసం, నేరమే అనుకున్నా ఇది 1933 చట్టంలోని 100 రూపాయల జరిమానాకు దగ్గరగా ఉందే తప్ప 2 కోట్ల సెక్షన్‌కు కాదని కూడా పిటిషన్‌లో రాశాం. 74వ సెక్షన్‌ను మాత్రం అందులో కలపలేదు. కలపొద్దని చెప్పింది నేనే, ఒప్పుకున్నది అతను. ఆ క్లిప్ వేయడం తప్పే. దాని మీద ట్రయల్ కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పి, వయసు, మొదటి నేరం, డబ్బు ఆశ లేకపోవడం చూపి శిక్ష తగ్గించమని అడుగుతాం.

అమెచ్యూర్ రేడియో లైసెన్సుకు కేంద్రం నిర్వహించే పరీక్ష రాస్తానని ఈ మధ్య పుస్తకాలు తెచ్చుకున్నాడు. కేసు పెండింగ్‌లో ఉండగా దరఖాస్తు ఏమవుతుందో చూసి చెబుతానన్నాను. చదువుకోవడానికి మాత్రం ఏ షరతూ అడ్డు లేదు. ల్యాప్‌టాప్, ఫోన్ వెనక్కి ఇవ్వమని వేసిన పిటిషన్ గత వాయిదాలో అనుమతించారు. హార్డ్ డిస్క్ ఇమేజ్ (పూర్తి నకలు) తీసుకున్నాక, బాండు మీద ఇస్తారు. డాంగిల్, యాంటెన్నా కోర్టు ఆస్తి కిందే ఉంటాయి.